బడి సరిహద్దుల్లో వసంత బేరం

మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరిగిన దగ్గర్నుంచి అమెరికా శివారు పట్టణాల్లో రియల్ ఎస్టేట్ ఏజెంటుకు కంటి మీద కునుకు ఉండదు. ఉద్యోగం నుంచి వచ్చిన దంపతులు పొద్దు వాలకముందే రెండు మూడు ఇళ్లు చూడగలుగుతారు కనుక ఏజెంటు సాయంత్రాలన్నీ వాళ్లకే పోతాయి. గురువారానికల్లా ఫొటోలు తీయించి లిస్టింగ్ (అమ్మకపు ప్రకటన) పెట్టాలి, పూలపాదుల్లో కొత్త మల్చ్ (మొక్కల మొదళ్లలో పరిచే చెక్కపొట్టు) పరపించాలి, అద్దెకు తెచ్చిన సోఫాలూ దీపాలూ సర్దించి ఇంటిని ముస్తాబు చేయాలి, శని ఆదివారాల్లో వీధి మలుపుల దగ్గర బాణం గుర్తు బోర్డులు పాతి ఎవరైనా లోపలికొచ్చి ఇల్లు చూసుకునే ఓపెన్ హౌస్ నడపాలి, సోమవారం రాత్రికి వచ్చిన ఆఫర్లన్నీ యజమాని ముందు పరచాలి. వీరిలో అత్యధికులకు నెల జీతం లేదు. ఇల్లు చేతులు మారే క్లోజింగ్ రోజున సంతకాలు పూర్తయ్యాకే కమీషన్ చేతికొస్తుంది, అందులో బ్రోకరేజీ సంస్థ వాటా పోతుంది, ఫొటోగ్రాఫరుకూ కారు తిరుగుడుకూ లైసెన్సుకూ అయ్యే ఖర్చు సొంత జేబులోంచే పెట్టుకోవాలి. వేసవిలోగా కుదిరిన బేరాలే డిసెంబరు, జనవరి నెలల వెలితిని పూడ్చాలి.

ఈ హడావిడికంతా రుతువే కారణమని అంటారు. చెట్లు చిగురిస్తాయి, పచ్చిక లేస్తుంది, ఇల్లు కళకళలాడుతుంది అంటారు. మంచు కురిసే న్యూజెర్సీ విషయంలో అది కొంత నిజమే గానీ, చలికాలం పెద్దగా బాధించని టెక్సాస్‌లోనూ ఇదే నెలల్లో ఇదే రద్దీ ఎందుకుంటుందో ఆ మాటతో తేలదు. ఆగస్టు నుంచి వెనక్కి లెక్కపెడితే తేలుతుంది. చాలా రాష్ట్రాల్లో బడులు మే నెలాఖరుకో జూన్‌లోనో మూసి, ఆగస్టులోనో సెప్టెంబరు మొదట్లోనో తెరుస్తారు. పిల్లవాణ్ణి చేర్చాలంటే ఆ బడి పరిధిలో నివాసం ఉన్నట్టు రుజువు చూపాలి. ఆఫర్ ఖాయమయ్యాక క్లోజింగ్‌కు సాధారణంగా 30 నుంచి 45 రోజులు పడుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో బేరం కుదుర్చుకున్న కుటుంబం చదువు మధ్యలో తెగకుండా వేసవిలో సామాను సర్దుకుంటుంది. నేను చూసిన ఓపెన్ హౌస్‌లలో వంటగది గట్టు మీద ఏజెంటు పెట్టిన కాగితంలో, పడక గదుల సంఖ్య ముగిసిన వెంటనే కింది వరుసలో ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ అంటూ మూడు బడుల పేర్లు ఉండేవి. కొనడానికి వచ్చినవారి వేళ్లు ముందుగా ఆ వరుస దగ్గరే ఆగేవి.

నా వాదన సూటిగా చెబుతాను. శివారు పట్టణంలో ఏజెంటు అమ్ముతున్న సరుకులో ఇటుకలూ చెక్కా ఒక భాగం మాత్రమే. మిగతాది పటం మీద గీసిన ఒక బడి సరిహద్దు గీత. ఆ గీతకు ఇటువైపున్న ఇంటికీ, వీధి దాటి అటువైపున్న సరిగ్గా అలాంటి ఇంటికీ ధర తేడా పలుకుతుంది. ఆ గీతను ఎవరు గీశారు, ఎవరిని బయట ఉంచడానికి గీశారు అన్న ప్రశ్న వేయకుండా ఏజెంటు కమీషన్ ఎక్కువా తక్కువా అని వాదించుకోవడం వృథా.

ఇటీవలి చర్చ అంతా కమీషన్ చుట్టూనే తిరిగింది. 2023 అక్టోబరు 31న కాన్సస్ సిటీ జ్యూరీ రియల్టర్ల (రియల్ ఎస్టేట్ ఏజెంట్ల) జాతీయ సంఘానికీ కొన్ని పెద్ద బ్రోకరేజీ సంస్థలకూ వ్యతిరేకంగా దాదాపు 180 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. 2024 మార్చిలో సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీ పడింది, ఆగస్టు 17 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు ఇల్లు చూపించే ముందే కొనుగోలుదారుతో ఏజెంటు రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. ఇది మంచి మార్పే. అయితే కమీషన్‌లో ఒక శాతం మిగిలిన కుటుంబం ఆ డబ్బును కూడా గీత లోపలి ఇంటి వేలంలోనే పోస్తుంది, కాబట్టి ఆ మిగులు ఎటు చేరుతుందో ఊహించడం కష్టం కాదు.

గీతకు అంత విలువ రావడానికి రెండు సుప్రీంకోర్టు తీర్పులు కారణం. అమెరికాలో ప్రభుత్వ బడుల ఖర్చులో సగానికి కాస్త తక్కువ స్థానికంగానే సమకూరుతుంది, అందులో సింహభాగం ఇళ్ల మీదా ఇతర స్థిరాస్తుల మీదా వేసే ఆస్తి పన్ను. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే పేద మెక్సికన్ అమెరికన్ల స్కూల్ డిస్ట్రిక్ట్ (సొంత పన్నుతో బడులు నడిపే ప్రాంతం) తల్లిదండ్రులు ఈ పద్ధతిపై కోర్టుకెక్కారు. 1967-68లో ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో విద్యార్థికి 356 డాలర్లు దక్కితే, అదే నగర ప్రాంతంలోని సంపన్నుల ఆలమో హైట్స్‌లో 594 డాలర్లు దక్కాయి. అంతకన్నా బాధించే విషయం మరొకటి ఉంది. ఆస్తి విలువలో ప్రతి 100 డాలర్లకు ఎడ్జ్‌వుడ్ వాసులు 1.05 డాలర్ల చొప్పున పన్ను కడుతుంటే ఆలమో హైట్స్ వాసులు 85 సెంట్లే కట్టారు. పేదలు ఎక్కువ రేటుకు పన్ను కట్టి తక్కువ బడి పొందారు. 1973 మార్చి 21న సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఇందులో రాజ్యాంగ విరుద్ధమేదీ లేదని తేల్చింది. మరుసటి ఏడాది డెట్రాయిట్ కేసులో, నగరంలోని జాతి విభజనను సరిదిద్దడానికి శివారు డిస్ట్రిక్టుల సరిహద్దులు దాటి పిల్లలను కలపనక్కర్లేదని మళ్లీ 5-4తోనే తీర్పు చెప్పింది. మొదటి తీర్పు గీత లోపలి డబ్బుకూ, రెండోది గీత లోపలి పిల్లలకూ కాపలా పెట్టాయి. తర్వాత టెక్సాస్ సహా పలు రాష్ట్రాలు సంపన్న డిస్ట్రిక్టుల నుంచి కొంత తీసి పేద డిస్ట్రిక్టులకు పంచే చట్టాలు చేసుకున్నా, ఇల్లు కొనేవారి కళ్లు ఆ గీత మీద నుంచి మళ్లలేదు.

ఇక ఏజెంటు నోటి సంగతి. ఏప్రిల్ నెల ఇళ్ల అమ్మకాలకు ఎంత ముఖ్యమో, ఫెయిర్ హౌసింగ్ మాసంగానూ అంతే ముఖ్యం. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, జాతీయ మూలం ఆధారంగా ఇంటి విషయంలో వివక్ష చూపడం చట్టవిరుద్ధం. కొనుగోలుదారును ఫలానా పేటకు మళ్లించడం కూడా ఆ వివక్ష కిందికే వస్తుంది. ఈ వృత్తి గతంలో చేసిన తప్పు చిన్నది కాదు. 1924 నాటి రియల్టర్ల నైతిక నియమావళి, ఆస్తి విలువలకు చేటు తెచ్చే జాతివారినో జాతీయులనో పేటలోకి తీసుకురాకూడదని సభ్యులను ఆదేశించింది. 1950 దాకా ఆ మాట అలాగే ఉంది. 1968 చట్టాన్ని ఆ సంఘం వ్యతిరేకించింది. 2020 నవంబరులో గానీ క్షమాపణ చెప్పలేదు. పాత రోజులు పోయాయనుకుంటే, న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో న్యూస్‌డే పత్రిక మూడేళ్లపాటు రహస్య కొనుగోలుదారులను పంపి 2019లో ప్రచురించిన పరిశోధన ఉంది. ఆ పరీక్షల్లో నల్లజాతి వారికి 49 శాతం, హిస్పానిక్ వారికి 39 శాతం, ఆసియా వారికి 19 శాతం సందర్భాల్లో తెల్లవారితో సమానం కాని ఆదరణ ఎదురైంది. 1947లో మొదలై బంగాళాదుంప పొలాల మీద 17,000కు పైగా ఇళ్లతో లేచిన లెవిట్‌టౌన్ ఆ దీవి మీదిదే, అక్కడి తొలి ఒప్పందాలు నల్లజాతి వారిని అందులో ఉండనివ్వలేదు.

ఫెయిర్ హౌసింగ్ చట్టం తెలిసిన ఏజెంటు ఇప్పుడు పేటలో ఎవరుంటారో చెప్పడు. బడి బాగుంటుందని కూడా చెప్పకుండా రేటింగ్ వెబ్‌సైటు చూసుకోమంటాడు. కానీ ఆ రేటింగుల్లో పెద్ద పాలు పరీక్ష మార్కులది, మార్కులేమో తల్లిదండ్రుల ఆదాయాన్నీ చదువునూ అంటిపెట్టుకుని నడుస్తాయి. ఒకప్పుడు నోటితో అన్న మాటను ఇప్పుడు పదికి తొమ్మిది అనే అంకె చెబుతోంది. మనిషి నోరు కట్టడి చేసిన చట్టం అంకె జోలికి వెళ్లలేదు.

ఇక్కడ మన సంగతి మాట్లాడుకోవాలి, నేను ఈ వ్యాసం రాయడానికి అదే కారణం. టెక్సాస్‌లో ఫ్రిస్కో, జార్జియాలో ఫోర్సైత్ కౌంటీ, వర్జీనియాలో ఆష్‌బర్న్, న్యూజెర్సీలో ఎడిసన్: తెలుగు కుటుంబాలు గుమిగూడిన ఈ చోట్లలో ఉగాది ముందు వెనకల మొదలయ్యే ఇళ్ల వేట ఒక సామాజిక రుతువుగా మారింది. తూర్పు ముఖం ఇల్లు కావాలి, ఈశాన్యం పెరిగి ఉండాలి, మూఢం రాకముందే గృహప్రవేశం కావాలి, వీటన్నిటినీ తెలుగు ఏజెంటు ఓపిగ్గా కుదురుస్తాడు. వాస్తు ఎవరి నమ్మకం వారిది, దానితో నాకు పేచీ లేదు. పేచీ ఆ తర్వాత వచ్చే ప్రశ్నతో: "అన్నా, ఆ సబ్‌డివిజన్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారు?" దానికి జవాబు చెప్పి ఆ లెక్కన ఇళ్లు చూపిస్తే ఏజెంటు ఫెయిర్ హౌసింగ్ చట్టాన్ని మీరినట్టే. చెప్పకపోతే ఆ కుటుంబం చెప్పే మరొకరి దగ్గరకు పోతుంది. పరాయి దేశంలో భాష తెలిసిన పొరుగును కోరుకోవడం తప్పు కాదు. ఆ కోరికను తీర్చే భారాన్ని లైసెన్సు ఉన్న మనిషి మీద మోపడం, అతని చేత చట్టాన్ని తప్పించడం తప్పు. అలా అడిగేవారిలో చాలామందికి అది చట్టం ముందు ఏ గూటికి చెందిన ప్రశ్నో కూడా తెలియదు.

పిల్లలకు మంచి బడి కోరుకోవడం నేరమా అని అడుగుతారు. కాదు. వీసా అనిశ్చితిలో పదేళ్లుగా బతుకుతున్న తల్లిదండ్రులు తమ చేతిలో ఉన్న ఒకే ఒక నిశ్చయం బడి అనుకుంటే, దాని కోసం స్తోమతకు మించి అప్పు చేస్తే, వారిని నిందించే హక్కు ఎవరికీ లేదు. నా అభ్యంతరం వారు గీత లోపలికి రావడం మీద కాదు, వచ్చాక చేసే పని మీద.

ఆ పని సిటీ హాలులో కనబడుతుంది. ప్లానింగ్ కమిషన్ ముందుకు ఒక అపార్ట్‌మెంట్ల ప్రతిపాదనో చిన్న స్థలాల్లో టౌన్‌హోమ్‌ల ప్రతిపాదనో వస్తుంది. వెంటనే పేట వాట్సాప్ గ్రూపులో పిటిషన్ తిరుగుతుంది: బడుల్లో రద్దీ పెరుగుతుంది, ట్రాఫిక్ పెరుగుతుంది, ఇళ్ల విలువ పడిపోతుంది. సంతకాల్లో మన ఇంటిపేర్లు వరుసగా ఉంటాయి. ఈ వాదన మనం కనిపెట్టింది కాదు. 1926లో ఓహియోలోని యూక్లిడ్ గ్రామం కేసులో, ఏ పేటలో ఏం కట్టవచ్చో నిర్ణయించే జోనింగ్‌ను సమర్థించిన సుప్రీంకోర్టు తీర్పు, ఒంటరి ఇళ్ల పేటలో కట్టే అపార్ట్‌మెంటును పరాన్నజీవితో పోల్చింది. నేడు మన పిటిషన్లలో వినబడేది వందేళ్ల నాటి ఆ గొంతే. అమెరికా చేరిన తొలి ఏళ్లలో మనలో అపార్ట్‌మెంటులో అద్దెకు ఉండనివారెవరు? నలుగురు కుర్రాళ్లు రెండు గదులు పంచుకుని, కుక్కరు ఒకటి ఉమ్మడిగా పెట్టుకుని మొదలైన జీవితాలే ఇవన్నీ.

ఇంకొంచెం వెనక్కి వెళితే గీతకు బయట నిలబడింది మనవాళ్లే. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు శ్వేతజాతీయులు కారనీ పౌరసత్వానికి అర్హులు కారనీ సుప్రీంకోర్టు తేల్చింది. పౌరసత్వానికి అర్హత లేనివారు సాగుభూమి కొనకూడదన్న కాలిఫోర్నియా చట్టం ఆ తీర్పుతో పంజాబీ రైతుల మీదా వచ్చి పడింది. 1946లో పౌరసత్వానికీ, 1965లో విస్తృత వలసకూ తలుపులు తెరుచుకున్నాయి. 1965 చట్టం మీదా 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం మీదా సంతకం చేసింది ఒకే అధ్యక్షుడు, రెండింటి వెనకా ఉన్నది నల్లజాతి ప్రజల పౌరహక్కుల పోరాటమే. ఆ పోరాట ఫలంతో ఈ పేటల్లో ఇల్లు కొన్నవాళ్లం, మన తర్వాత వచ్చే అద్దెదారు కుటుంబానికి అడ్డుపడుతున్నాం.

మార్పు ఆగి లేదు. ఒరెగాన్ 2019లో, కాలిఫోర్నియా 2021లో ఒకే ఇంటి స్థలాల్లో ఒకటి కంటే ఎక్కువ ఇళ్లు కట్టుకునే వీలు కల్పించాయి. టెక్సాస్ 2025లో చేసిన చట్టం పెద్ద నగరాల్లో కొత్తగా వేసే లేఅవుట్లలో కనీస స్థలం 3,000 చదరపు అడుగులకు మించాలని నగరపాలికలు పట్టుబట్టకుండా చేసింది. ఏజెంట్లకు కూడా ఇందులోనే బతుకుదెరువుంది. 2021 జనవరిలో 2.65 శాతానికి దిగిన 30 ఏళ్ల గృహరుణ వడ్డీ 2023 అక్టోబరులో 7.79కి చేరడంతో, తక్కువ వడ్డీ రుణం చేతిలో ఉన్న యజమానులు ఇల్లు వదలడం మానేశారు. 2024లో దేశమంతటా అమ్ముడైన పాత ఇళ్లు 40.6 లక్షలే, 1995 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎన్నడూ లేదు. కమీషన్ శాతం కోసం కోర్టుల్లో అంతగా పోరాడిన వృత్తి, అమ్మడానికి చిన్న ఇళ్లే లేవన్న సంగతిని తన ఊరి ప్లానింగ్ కమిషన్ ముందు చెప్పాలి. అలాంటి విచారణల్లో మైకు ముందు ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇస్తారు. నేను కూర్చున్న వాటిలో వ్యతిరేకించే ఇంటి యజమానులు గంటలకొద్దీ మాట్లాడారు. ఒక్క ఏజెంటు లేచి, ఈ వసంతంలో తాను ఎన్ని యువ కుటుంబాలను ఖాళీ చేతులతో వెనక్కి పంపాడో చెప్పగా నేను ఇంతవరకూ వినలేదు.