‘మా వాడు అన్నీ తింటాడండీ’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘మా వాడు అన్నీ తింటాడండీ’ గారికి,

హైదరాబాదు నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తు నుంచి నాలుగేళ్ళ పిల్లాడి తల్లి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమేనా అని అడగక్కర్లేదు. నిన్న సాయంత్రం ఆరుంపావుకి జారుడుబల్ల పక్కన సిమెంటు బెంచీ మీద మిమ్మల్ని చూశాను, నిగనిగలాడిపోతున్నారు. చూడ్డమేమిటి, నా నోట్లోంచేగా వచ్చారు.

సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సి బ్లాకు ఆవిడ "మా వాడికి కాకరకాయంటే ప్రాణమండీ, పులుసు పెడితే ముక్కలు ఏరుకుని మరీ తింటాడు" అంది. పక్కావిడ "మా పాపకి బీట్‌రూట్" అంది. తర్వాత వంతు నాది. నిన్న మా వాడు తిన్నది ఏమిటంటే, పొద్దున సగం దోసె, అదీ అంచులు మాత్రమే. మధ్యాహ్నం స్కూలు డబ్బా పంపినది పంపినట్టే తిరిగొచ్చింది, మూత తీస్తే క్యారెట్ అన్నం నన్నే చూస్తోంది. నాలుగింటికి రెండు బిస్కెట్లు, నేను చూడలేదనుకుని ఇంకో రెండు. ఇదంతా నా గొంతు దాకా వచ్చి ఆగింది. నోరు తెరిచాను, మీరొచ్చారు. వచ్చినవారు ఊరుకున్నారా? "ముఖ్యంగా తోటకూర" అని ఒక తోక కూడా తగిలించుకున్నారు. తోటకూర మా గుమ్మం తొక్కి పదిహేను రోజులైంది.

తిట్టడానికి రాస్తున్నాననుకోకండి. మీ ఉపకారాలు మర్చిపోయేంత కృతఘ్నురాలిని కాదు. మా అత్తగారితో ఫోన్లో, బస్సు దగ్గర టీచరుతో, పెళ్ళిళ్ళలో ఎవరో కూడా గుర్తులేని పెద్దమ్మలతో, ఎక్కడ పడితే అక్కడ నా పరువు కాపాడారు. కానీ మీ గురించి మాట్లాడే ముందు మీకంటే పెద్దావిడ ఒకరి సంగతి చెప్పాలి.

మా నాయనమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. అక్కడ అరుగు మీద నలుగురు చేరి బియ్యం ఏరుకుంటున్నప్పుడు "పిల్లాడు బాగా తింటున్నాడా?" అని అడిగితే అందరి దగ్గరా ఒకటే సమాధానం. "ఏం తింటాడమ్మా, ముద్ద దిగదు, ఎట్లా బతుకుతాడో ఏమో." ఈ మాట అంటున్నప్పుడు సదరు పిల్లాడు ఒళ్ళో కూర్చుని మూడో జంతిక నములుతూ ఉండేవాడట (ఆయన మా నాన్న, సాక్ష్యం కావాలంటే పొట్ట ఇప్పటికీ ఉంది). అదీ అబద్ధమే, కాదనను. బాగా తింటున్నాడని నోరు జారితే దిష్టి తగులుతుందని, రాత్రికి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేయాల్సి వస్తుందని ఆడిన అబద్ధం. కానీ దానివల్ల జరిగిన మేలు చూడండి. నిజంగానే పిల్లాడు తినని తల్లి ఎవరైనా ఆ అరుగు మీద ఉంటే ఆవిడ తల దించుకోవాల్సిన పనే లేదు, ఎవరి పిల్లలూ తినరు కదా మరి. ఆవిడ చెప్పేది నిజం, మిగతావాళ్ళు చెప్పేది అబద్ధం, మాట మాత్రం అందరిదీ ఒకటే.

అరుగులు పోయి బెంచీలు వచ్చేలోపు ఎక్కడో ఆ మాట తిరగబడి మీరయ్యారు. పోనీ దిష్టి భయం పోయిందా అంటే అదీ లేదు. కాలికి నల్లతాడు కట్టి, బుగ్గన చుక్క పెట్టి, ఆ చుక్క ఆరకముందే "అన్నీ తింటాడండీ" అంటున్నాం. అంటే దిష్టికన్నా మాకు పక్కావిడంటేనే ఎక్కువ భయమన్నమాట. ఇంట్లో ఈగల మోత, బెంచీ మీద పల్లకీల మోత.

పోయిన నెల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా మీరు నాతో వచ్చారు, మర్చిపోయారేమో. ఆవిడ "ఏం తింటాడు?" అని అడిగీ అడగ్గానే ఊడిపడ్డారు. డబ్బులిచ్చి, గంటన్నర కూర్చుని, పిల్లాడు తినట్లేదని చెప్పుకోవడానికి వెళ్ళిన చోట "అన్నీ తింటాడండీ". ఆవిడ తూకం చూసింది, నన్ను చూసింది, అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న మా ఆయన్ని చూసింది. ఈయన తలెత్తి "ఏం తినడు డాక్టర్" అని మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయాడు. అంత తేలిగ్గా! ఆయనకి ఎవరూ మార్కులు వేయరు కాబట్టి నిజం చెప్పడానికి ఖర్చేమీ కాదు. ఆదివారం పూట పిల్లాడికి బిస్కెట్లూ అరటిపండుతో రాత్రి భోజనం కానిచ్చేసినా "ఎంత ఓపికండీ మీ ఆయనకి" అంటారు. అదే పని నేను చేస్తే బద్ధకం.

డాక్టరమ్మ చెప్పింది ఇదీ. మూడు కిలోలతో పుట్టిన పిల్లాడు ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలవుతాడు, అంటే మూడింతలు. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తుంది కాబట్టి ఆకలీ తగ్గుతుంది, అందుకే ఏడాది దాటగానే "నిన్నటిదాకా బాగా తినేవాడు, ఏమైందో" అని ఇంటింటా గోల. పైగా రెండేళ్ళ నుంచి ఐదారేళ్ళ దాకా కొత్త కూర కంచంలో కనిపిస్తే భయపడటం మామూలేనట. ఒక కూర పిల్లాడి నోటికి అలవాటు కావాలంటే పది పదిహేనుసార్లయినా, బలవంతపెట్టకుండా, ఊరికే కంచంలో ఒక పక్కన పెడుతూ పోవాలట. పది పదిహేనుసార్లు! నేను రెండుసార్లకే "వీడికి బీరకాయ పడదు" అని తీర్పు రాసి సంతకం పెట్టేశాను.

ఇంత చిన్న సంగతి నాకు ఆ బెంచీ మీద ఎందుకు తెలియలేదంటారు? అక్కడ రోజూ పదిమందికి తక్కువ కాకుండా తల్లులం కూర్చుంటాం, అందరి పిల్లలూ ఇదే వయసు వాళ్ళు, అందరిళ్ళలోనూ ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంట గోడ చూసే కార్యక్రమం నడుస్తూనే ఉంటుంది. కానీ ఎవరి పిల్లాడూ తినడం మానలేదు కాబట్టి, ఎందుకు మానేశాడని ఎవరూ ఎవరినీ అడగలేదు. మీ చలవే.

మీ చెల్లెలు ‘మేమసలు ఫోనే ఇవ్వమండీ’ గారిని కూడా అడిగానని చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, రెండేళ్ళలోపు పిల్లలకి తెర అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించొద్దు, ఎంత తగ్గితే అంత మంచిది అని. మంచి మాటే. మా ఇంట్లో ఆ గంట ఒక్క జేసీబీకే చాలదు. (జేసీబీ మట్టి తవ్వుతుంటే చూసే వీడియోలు గంటల కొద్దీ ఉంటాయి, వాటిని చూస్తూ మా వాడు నోరు తెరుస్తాడు, ఆ తెరిచినప్పుడే ముద్ద పెట్టాలి.) ఆ గంట దాటలేదని చూపించడానికి తల్లులు వేసే లెక్కలు మా ఆఫీసు ఆడిటరుకి కూడా రావు. టీవీ లెక్కలోకి రాదు, రైమ్స్ చదువు కింద జమ, అమ్మమ్మతో వీడియో కాల్ బంధుత్వం కింద జమ, అన్నం తినేటప్పుడు చూసేది పోషకాహారం కింద జమ. న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచుకి అక్కడ డాక్టరు దగ్గర రోజుకి ఎన్ని గంటలో కాగితం మీద రాసివ్వమంటారట. "ఏం రాశావు?" అన్నాను. "ఒకటి అని రాశాను వదినా" అంది. "మరి నిజంగా?" అంటే లైన్ సరిగ్గా లేదంది.

పెద్దవాళ్ళు "మా కాలంలో ఇట్లా ఫోన్లు చూపించి పెట్టామా?" అంటారు. చందమామని చూపించి పెట్టారు కదండీ. పెరట్లో కాకిని చూపించి, గోడ మీద పిల్లిని చూపించి, అదీ కుదరకపోతే బూచాణ్ణి పిలిచి మరీ పెట్టారు. చందమామ అయిపోగానే ఇంకో చందమామ దానంతటదే మొదలవదు, ఆ తేడా ఒకటి ఒప్పుకుంటాను.

అసలు ఈ పరీక్షలు పురిటి మంచం మీదే మొదలవుతాయి, పాపం మిమ్మల్నొక్కరినే అని లాభం లేదు. "నార్మలా, ఆపరేషనా?" అన్నది మొదటి ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. అన్ని ఎందుకు చేస్తున్నారన్నది ఆసుపత్రులని అడగాల్సిన మాట, బాలింతని కాదు. ఆ లెక్కన మా బెంచీ మీద సగానికి పైగా పొట్ట మీద గీతతోనే కూర్చున్నాం. అయినా కొత్తగా బిడ్డనెత్తుకుని వచ్చిన అమ్మాయిని అడిగి, "ఆపరేషనండీ" అని వినగానే "అయ్యో" అని దీర్ఘం తీస్తాం చూడండి, కత్తి మమ్మల్ని తాకనే లేదన్నట్టు. రెండో ప్రశ్న "పాలు సరిపోతున్నాయా?" నాకు సరిపోలేదు. డబ్బా పాలు పట్టాను. చుట్టాలు వస్తున్నారంటే ఆ డబ్బాని బియ్యం డబ్బా వెనకాల దాచేదాన్ని, దొంగబంగారం దాచినట్టు. ఒకసారి దాచిన చోటు మర్చిపోయి రాత్రి రెండింటికి పిల్లాడు ఏడుస్తుంటే వంటిల్లంతా వెతికాను.

ఇక అసలు విషయానికి వస్తాను. రెండో అంతస్తులోకి కొత్తగా వచ్చారు, శ్రీకాకుళం వాళ్ళు, ఒక పాప. పోయిన వారం ఆవిడ మొదటిసారి మా బెంచీ మీద కూర్చుంది. మా పద్ధతులు తెలియవు. ఎవరో "పాప బాగా తింటుందా?" అన్నారు. ఆవిడ మిమ్మల్ని పిలవలేదు. "లేదండీ, మూడు రోజుల నుంచి పెరుగన్నం తప్ప ఏం ముట్టట్లేదు, నిన్న రాత్రి విసుగొచ్చి వీపు మీద ఒకటిచ్చాను, తర్వాత నేనే బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను" అంది. ఉన్నదున్నట్టు, టమాటా కిలో ఎంతో చెప్పినట్టు.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. అప్పుడే ఎవరైనా "మా ఇంట్లోనూ అంతే" అనుంటే మీ కథ అక్కడితో ముగిసేది. కానీ మేము ఊరుకుంటామా? "అయ్యో, కొట్టకూడదండీ, మనసులో ఉండిపోతుంది." "రాగి జావ పట్టండి." "మీరు కడుపుతో ఉన్నప్పుడు అన్నీ తిన్నారా?" "ఒక వీడియో పంపిస్తా చూడండి, పిల్లలతో ఎలా మాట్లాడాలో చెప్తారు." బీట్‌రూట్ ఆవిడైతే ఏమీ అనలేదు, తన పాపని కాస్త దగ్గరికి లాక్కుంది, అంతే. నేనేమన్నానో తెలుసా? "మా వాడి మీద నేనెప్పుడూ చెయ్యెత్తలేదండీ" అన్నాను. ఆ రోజు పొద్దున స్కూలు బస్సు హారన్ కొడుతుంటే బూట్ల దగ్గర ఏం జరిగిందో మా వాడి తొడకి తెలుసు. గురివింద గింజకి కింద నలుపు కనపడదంటారు గానీ నాకు కనపడుతూనే ఉంది, కనపడుతుండగానే అన్నాను.

ఆవిడ "అవునండీ" అంది. మర్నాటి నుంచి పాపని పనమ్మాయితో పంపిస్తోంది.

నిన్న రాత్రి పదింటికి తడిచెత్త కింద పడేద్దామని కవరు పట్టుకుని లిఫ్ట్ ఎక్కాను. రెండో అంతస్తులో ఆగింది. ఆవిడ. చేతిలో కవరు. ఇద్దరివీ పల్చటి కవర్లే, లోపలున్నవి కనపడుతూనే ఉన్నాయి, ఆవిడ దాంట్లో బీన్స్ కూర కలిపిన అన్నం, నా దాంట్లో క్యారెట్ అన్నం, డబ్బా ఆకారం ఇంకా చెదరలేదు. ఆవిడ అది చూసి, ముఖంలో ఏ మార్పూ లేకుండా "బాబుకి తోటకూరంటే ఇష్టమటగా, మా పనమ్మాయి చెప్పింది" అంది.

మీరు నా నాలుక చివరి దాకా వచ్చారు. నిజంగా వచ్చారు. క్యారెట్ ఒక్కటే తినడండీ, మిగతావన్నీ తింటాడండీ, అని మీరు చొక్కా మార్చుకుని తయారుగా ఉన్నారు.

"దొర ఏదీ తినడండీ" అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళ నుంచి."

ఆవిడ నవ్వలేదు. "పెరుగన్నం?" అంది. "అది తింటాడు, జేసీబీ చూపిస్తే" అన్నాను. "మాకు ఏనుగులు" అంది. ఆ తర్వాత బూట్ల సంగతి కూడా చెప్పాను. చెత్త పడేసి పైకొచ్చి, ఆవిడ గడప దగ్గర నేనూ, లిఫ్ట్ తలుపుకి అడ్డంగా నా చెప్పూ, మూడో అంతస్తు అంకుల్ పైనుంచి "ఎవరమ్మా అది, తలుపెయ్యండి" అని రెండుసార్లు కేకేసే దాకా అక్కడే ఉన్నాం.

రేపు సాయంత్రం మీరు మళ్ళీ బెంచీ దగ్గరికి వస్తారు, నాకు తెలుసు, అక్కడ మీకు బోలెడు ఇళ్ళున్నాయి. నన్ను చూసి పలకరించకండి.

ఇట్లు,
నాలుగో అంతస్తు

తా.క.: ఇవాళ పొద్దున గొడుగు తిరిగిచ్చేద్దామని సి బ్లాకు ఆవిడ ఇంటికి వెళ్ళాను. వాళ్ళ వాడు నిజంగానే కాకరకాయ తింటున్నాడు. ముక్కలు ఏరుకుని మరీ తింటున్నాడు, ఫోన్ కూడా లేదు. అరగంట కూర్చుని చూశాను. ఈ సంగతి రెండో అంతస్తు ఆవిడకి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.