బాబాయి బ్యాటరీ వైద్యం

ఇన్వర్టర్ ఉన్న ప్రతి ఇంట్లో బ్యాటరీకి ఒక ఆస్థాన వైద్యుడు ఉంటాడు. విజయవాడలో మా పిన్ని ఇంట్లో ఆ పదవి బాబాయిది.

నిజానికి ఆ వైద్యంలో పెద్ద విద్యేమీ లేదు. 12 వోల్టుల బ్యాటరీ పైన ఆరు మూతలు, ఒక్కోదాంట్లో తేలే పుల్ల. ఎర్ర గుర్తుకి దిగితే డిస్టిల్డ్ వాటర్, అంటే ఆవిరి చేసి చల్లార్చిన నీళ్లు, పోయాలి, పచ్చ గుర్తు దగ్గర ఆపాలి. అంతే. కానీ బాబాయికి నీళ్లు కొనడమే నచ్చదు. "ఏసీలోంచి కారేవి ఊరికే పోవట్లా? అవీ ఆవిరి నీళ్లేగా!" అని బకెట్ పట్టేవాడు. ఏసీ లోపలి దుమ్మూ ధూళీ కడుక్కుని మరీ వస్తాయవి. అయినా ఆర్వో నీళ్లు పోసే ఎదురింటాయన కంటే తను నయమని ఆయన ధీమా.

మే నెలలో ఓ మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు లేదు. బ్యాటరీ దిగిపోయింది, పుల్లలూ దిగాయి. మెట్ల కింద చీకటి. బాబాయి కొవ్వొత్తి వెలిగించాడు. ఛార్జింగయ్యే బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది, లోపల మిగిలి ఉంటే నిప్పు తగిలి పేలొచ్చు. పిన్ని ఉఫ్‌మని ఊదేసింది, హైడ్రోజన్‌కి భయపడి కాదు, "ఒక్కటే ఉందండీ, రాత్రికి కావాలి" అని.

చీకట్లో తడుముకుంటూ ఆరింటినీ అంచుదాకా నింపేశాడు. కరెంటొచ్చింది. ఛార్జింగ్ ఎక్కుతుంటే లోపలి ద్రవం మట్టం పెరుగుతుంది. అందుకే నీళ్లు ఛార్జింగయ్యాక పోయమంటారు. రాత్రికి మూతల్లోంచి ఆమ్లం కారి, పక్కనున్న ఆవకాయ జాడీ దాకా పాకింది.

"నా ఆవకాయ!" పిన్ని ముందు జాడీని, తర్వాత మొగుణ్ణి పక్కకు లాగింది. బజ్జీలకని దాచిన వంటసోడా అంతా చల్లితే నేల బుసబుసా పొంగింది. "ముందా చేతులు కుళాయి కింద పెట్టండి!"

కడుక్కొచ్చి బాబాయి పంచె చూపించాడు. "ఏమైందే దీనికి? మరక కూడా లేదు. గంధకామ్లమట, గంధకామ్లం!"

నూలు మీద పడ్డ ఆమ్లం తొందరపడదు. తడి ఆరేకొద్దీ చిక్కబడి పోగుల్ని తింటుంది. మర్నాడు వాషింగ్ మెషీన్లోంచి తీస్తే పంచె సగం పీలికలు.

"మెషీన్ చెడింది," అని తేల్చి బాబాయి మెకానిక్‌ని పిలిపించాడు. అతను మెషీన్ మూత కూడా తీయలేదు. పంచెని వెలుతురుకి పట్టుకు చూసి అడిగాడు:

"ఇన్వర్టర్ ఎక్కడుందండీ?"