పేరు పెడితే జైలేటి బాబూ?

ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. డిగ్రీ ఫ్రెండ్స్ గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఇప్పుడు మా చిన్నాన్న కూడా "జాగ్రత్తమ్మా" అని పంపేరు. అందులో ఏటుందంటే సినిమాకి గానీ కథకి గానీ పాటకి గానీ ఇంకొకరు ముందే వాడిన పేరు పెడితే అది దొంగతనం, అనుకోకుండా కలిసింది అనడం ఉత్త బుకాయింపు, కాపీరైట్ చట్టం కింద మూడేళ్ల జైలు, కాబట్టి కింది నంబరుకి డబ్బు పంపి మీ పేరు రిజిస్టర్ చేయించుకోండి, కుదరకపోతే న్యూమరాలజీ ప్రకారం ఒక అక్షరం పెంచుకోండి.

అక్షరం సంగతి వదిలేద్దాం. అచ్చుతప్పు అనుకుంటారు, అంతే.

ఇద్దరికి ఒకే పేరు తట్టదట. విజయనగరంలో కూర్చుని ఈ మాట ఫార్వర్డ్ చేస్తున్నారు చూడండి! హంపీలో ఒక విజయనగరం ఉంది, మనది విజయరామరాజు గారి పేరు మీద 1713లో కోట కట్టుకున్న విజయనగరం. శ్రీకాళహస్తి పక్కన సువర్ణముఖి, ఇటు నాగావళిలో కలిసేదీ సువర్ణముఖే. మరి ఏ ఏటి మీద కేసు వేద్దాం? శ్రీకాకుళం కుర్రాడు షార్ట్ ఫిల్మ్ తీస్తే నాగావళి అనో వంశధార అనో పెట్టుకుంటాడు గానీ మిసిసిపి అని పెడతాడా, సంబల్‌పూర్-నాందేడ్ రైలుకి కూడా నాగావళి పేరే పెట్టుకున్నారు కదా.

ఇక జైలు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే, ఎందుకంటే మా వీధి గుంటడొకడు ఇది చదివి, ఫ్రెండ్స్ దగ్గర అప్పుచేసి తీసిన షార్ట్ ఫిల్మ్‌ని యూట్యూబ్‌లోంచి తీసేశాడు. మూడేళ్లు అనేది చట్టంలో ఉంది, నిజమే, గరిష్ఠంగా అంత, అది రచననో సినిమానో కాపీ కొట్టినందుకు, పేరుకి కాదు. ఉత్త టైటిల్‌కి కాపీరైట్ ఉండదని దేశీ బాయ్స్ అనే హిందీ సినిమా పేరు మీద నడిచిన కేసులో 2015లో సుప్రీంకోర్టే చెప్పింది. తొలిప్రేమ 1998లో ఒకటి, 2018లో ఒకటి. ఖుషి 2001లో ఒకటి, 2023లో ఒకటి. వీళ్ళందరూ ఏ సెంట్రల్ జైల్లో ఉన్నారో ఆ మెసేజ్ రాసినాయన చెప్తే ములాఖత్‌కి వెళ్ళొస్తాం. ఫిల్మ్ ఛాంబర్‌లో టైటిల్ రిజిస్టర్ చేస్తారు కదా అంటారేమో, అది సినిమావాళ్ళు గొడవలు రాకుండా తమలో తాము పెట్టుకున్న ఏర్పాటు, దానికీ పోలీసులకీ ఏటి సంబంధం?

కాబట్టి ఉత్త పేరుకి కాపీరైట్ ఇప్పిస్తానన్నవాడు లేని సరుకు అమ్ముతున్నట్టే. మీరు రాసిన కథకి కాపీరైట్ రాయగానే వస్తుంది, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. నలుగురికీ తెలిసిన పేరు తీసుకుని, అదే అక్షరాల డిజైను, అదే పోస్టరు రంగు వేసి, ఇది ఆ టీమ్ తీసిందే అని జనం అనుకునేలా చేస్తే అది మోసమే. అక్కడ వ్యాపారంలో వాడే పేర్లని, గుర్తుల్ని కాపాడే ట్రేడ్‌మార్క్ చట్టం పనికొస్తుంది, మొదటివాడు కోర్టుకెళ్తే నేను అతని పక్షమే. వరుసగా సిరీస్ చేసేవాళ్ళు, ఛానల్ నడిపేవాళ్ళు పేరుని ట్రేడ్‌మార్క్ చేయించుకోవడం మంచిదే, అది కూడా సర్కారు వెబ్‌సైట్లో, ఎవరో పంపిన నంబరులో కాదు. పేరు పెట్టేముందు ఒకసారి వెతికి చూడమని ఆ మెసేజ్‌లో ఒక లైను ఉంది, దానికి నేనూ ఓకే.

చిన్నాన్నా, నువ్వు డబ్బు పంపలేదు కదా? పంపినవాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే 1930కి ఫోన్ చేయమను, సైబర్ మోసాల నంబరు అది, ఎంత ఆలస్యమైతే డబ్బు దొరకడం అంత కష్టం.