గంట ఊరిది... ఖర్చు ఎవరిది?

పారిస్‌లోని నోత్రదామ్ 2019 ఏప్రిల్ 15న తగలబడుతుంటే లోకమంతా టీవీలకు అతుక్కుపోయింది. 150 దేశాల నుంచి సుమారు 3 లక్షల 40 వేల మంది దాతలు 84 కోట్ల యూరోలకు పైగా ఇచ్చారు. అయిదున్నరేళ్లు తిరిగేసరికి, 2024 డిసెంబరులో ఆ చర్చి తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. సంతోషమే. కానీ అదే ఫ్రాన్స్‌లో పల్లెపల్లెనా ఉన్న పాత చర్చిలను నిప్పు కన్నా నీరే ఎక్కువగా తినేస్తోంది. కప్పు మీద ఒక పలక జారుతుంది. చూరు కాలువలో ఆకులు పేరుకుంటాయి. వాననీరు గోడలోకి దిగి, ఆ గోడ మీద ఆనిన ఓక్ దూలం కొసను కుళ్లబెడుతుంది. ఇదంతా కెమెరాకు చిక్కే దృశ్యం కాదు కనుక చందాలు రావు. 2030 నాటికి 2,500 నుంచి 5,000 దాకా ప్రార్థనా మందిరాలు పాడుబడటమో, అమ్ముడుపోవడమో, నేలమట్టం కావడమో జరగవచ్చని ఫ్రెంచి సెనేట్ నివేదిక 2022లోనే హెచ్చరించింది.

వాటిని బిషప్పులో, వాటికనో చూసుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. 1789 నవంబరు 2న విప్లవ ప్రభుత్వం చర్చి ఆస్తులన్నిటినీ జాతీయం చేసింది. 1801లో నెపోలియన్ పోప్‌తో ఒప్పందం కుదుర్చుకుని, ఆరాధనకు వాటిని తెరిపించాడు. 1905 డిసెంబరు 9 నాటి చట్టం మతాన్నీ రాజ్యాన్నీ విడదీసింది. విశ్వాసులు సంఘాలుగా ఏర్పడి కట్టడాలను స్వీకరించాలన్నది ఆ చట్టం ఉద్దేశం. పదో పయస్ పోప్ ససేమిరా అన్నారు. దాంతో బిషప్పుల పెద్ద చర్చిలైన కేథడ్రళ్లు రాజ్యానికి, ఊరి చర్చిలు మన గ్రామ పంచాయతీ వంటి కమ్యూన్‌కు మిగిలిపోయాయి. పూజారి అద్దె లేకుండా వాడుకుంటాడు, మేయరు మరమ్మతు చేయిస్తాడు. ఆ మేయరు నాస్తికుడైనా, కమ్యూనిస్టయినా ఆ బరువు ఆయన నెత్తినే ఉంటుంది. అప్పట్లో జర్మనీ ఏలుబడిలో ఉండటం వల్ల అల్సాస్, మోజెల్ ప్రాంతాల్లో మాత్రం నెపోలియన్ నాటి పద్ధతే నేటికీ సాగుతోంది.

ఇలా కమ్యూన్ల నెత్తిన పడిన చర్చిలు 40 వేలకు పైమాటే. దేశంలో కమ్యూన్లు దాదాపు 35 వేలు, వాటిలో సగానికి పైగా 500 మంది జనాభా దాటనివే. అలాంటి ఊరి ఏడాది బడ్జెట్టంతా ఊడ్చిపెట్టినా ఒక గంటగోపురం బాగుపడదు.

మతంతో పని లేనివాళ్లు ఈ రాళ్లను ఎందుకు మోయాలి? న్యాయమైన ప్రశ్నే. జవాబు చరిత్రలో ఉంది. విప్లవం గీసిన కమ్యూన్ల సరిహద్దులు చాలామటుకు పాత పారిష్‌ల, అంటే ఒక్కో చర్చి పూజారి కింద ఉండే ప్రాంతాల, సరిహద్దులే. 1539 నాటి రాజశాసనంతో పుట్టుకల నమోదు పారిష్ పూజారి చేతికి వచ్చింది, 1792 దాకా ఊరి జనన మరణాల లెక్కలు చర్చి పుస్తకాల్లోనే ఉండేవి. ఆదివారం ప్రార్థన ముగిశాక ఊరి పెద్దలు చర్చి గుమ్మం దగ్గరే కూడి పన్నుల గురించీ పొలాల గురించీ తేల్చుకునేవారు. రాజులు పోయినా గంట ఊరిదిగానే మిగిలింది. ఫిరంగుల కోసం గంటలను కరిగించిన 1793లో కూడా పారిష్‌కు ఒక్క గంటనైనా ఉంచాలని విప్లవ ప్రభుత్వమే ఆదేశించింది.

ఇక ఆ కట్టడాల్లో ఏముందో చూడాలంటే ఓల్నే దాకా వెళ్లాలి. ఫ్రాన్స్ పశ్చిమాన, స్పెయిన్‌లోని కాంపొస్తెలాకు నడిచే యాత్రికుల దారిలో, సమాధుల మధ్య నిలిచిన 12వ శతాబ్దపు చర్చి అది. సొరంగంలా వంగిన రాతి కప్పు గోడలను బయటికి నెడుతుంది కాబట్టి గోడలు దళసరి, కిటికీలు చిన్నవి. లోపలి స్తంభం తల మీద మూడు ఏనుగులు. శిల్పి వాటిని కళ్లారా చూసినట్టు లేదు. చూసేవాళ్లు పోల్చుకోలేరన్న అనుమానం వచ్చిందో ఏమో, పైన లాటిన్‌లో ‘ఇవి ఏనుగులు’ అని చెక్కాడు. రామప్ప గుడి గోడల వెంట ఏనుగుల బారులు తీర్చిన మన శిల్పులకు ఆ అవసరం రాలేదు! దక్షిణ ద్వారం తోరణంలో వీణలాంటి వాద్యం మీటే గాడిద కూడా ఉంది. వేదాంతం చెప్పే గోడ మీద ఊరివాడి వెటకారానికి చోటు దొరకడం మాకు ఆ చర్చిలోకెల్లా ముచ్చటైన సంగతి.

నార్మండీ తీరంలోని ఓన్‌ఫ్లర్‌లో 15వ శతాబ్దంలో ఓడలు కట్టే వడ్రంగులే చర్చి కట్టారు. తలెత్తి చూస్తే కప్పు బోర్లించిన రెండు పడవల్లా ఉంటుంది. నార్మండీకి పడమరన ఉన్న బ్రిటనీలో నారబట్ట ఎగుమతితో డబ్బు చేసుకున్న పల్లెలు ఒకదానితో ఒకటి పంతానికి పోయాయి. గిమిల్యో గ్రామం 1581–88 మధ్య సుమారు 200 బొమ్మలతో గ్రానైట్ శిలువ మండపం నిలిపితే, పక్కనున్న సాన్ తెగొనెక్ 1610లో తనదీ నిలిపింది. ఇంగ్లండుతో యుద్ధాలు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాక ఉలుల చప్పుడూ సద్దుమణిగింది.

ఖర్చు తగాదా మాత్రం ఏనాటిదో. 1695 శాసనం ప్రకారం బలిపీఠం ఉండే తూర్పు భాగాన్ని, పంటలో పదోవంతు చర్చి పన్నుగా పుచ్చుకునేవాళ్లు బాగుచేయించాలి; జనం నిలిచే మందిరాన్ని ఊరివాళ్లు బాగుచేయించాలి. ఒకే చర్చిలో రెండు భాగాలకూ పొంతన కుదరని చోట్ల ఈ పంపకం కూడా ఒక కారణం.

అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నవి 19వ శతాబ్దపు చర్చిలు. మధ్యయుగాల నాటి గోతిక్ శైలిని అనుకరిస్తూ పెద్దపెద్దవిగా కట్టేశారు. పాతవాటికున్న గౌరవం వాటికి లేదు, చారిత్రక కట్టడాల జాబితా రక్షణా చాలావాటికి లేదు. అబ్‌విల్‌లో సాన్ జాక్ చర్చిని 2013లో కూల్చేశారు. అదే ఏడాది జెస్తేలో గంటగోపురం, నేలమాళిగ మిగిల్చి తక్కినదంతా పడగొట్టారు. రిపేరు తలకు మించిన భారమన్నారు. ఏళ్ల తరబడి చూరు కాలువ శుభ్రం చేయించని చోట ఆఖరికి బిల్లు అలాగే వస్తుంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేం. 10 వేల లోపు జనాభా ఉన్న కమ్యూన్ల చర్చిల కోసం అధ్యక్షుడు మేక్రాన్ 2023 సెప్టెంబరులో నాలుగేళ్లలో 20 కోట్ల యూరోల లక్ష్యంతో జాతీయ చందా ప్రారంభించారు, దాతలకు 75 శాతం పన్ను రాయితీ ప్రకటించారు. మరుసటి ఏడాది సాంస్కృతిక మంత్రి రషీదా దాతీ నోత్రదామ్ సందర్శకుల దగ్గర అయిదేసి యూరోలు వసూలు చేస్తే ఏటా ఏడున్నర కోట్లు వస్తాయని, వాటితో పల్లె చర్చిలను నిలబెట్టవచ్చని ప్రతిపాదించారు. చర్చి పెద్దలు ఒప్పుకోలేదు. ఉన్నవాడి నుంచి లేనివాడికి ఇప్పించాలన్న ఆలోచన మంచిదే. కానీ గుమ్మం దగ్గర నిలబడి భక్తుడెవరో పర్యాటకుడెవరో ఎలా తేలుస్తారు? 1905 చట్టం 17వ అధికరణ సైతం సందర్శనకు రుసుము కూడదంటోంది. పర్యాటకుల వల్ల వచ్చే పన్నుల్లో వాటా తీయడం ఇంతకన్నా సూటి దారి.

మెలిక 1908 చట్టంలో ఉంది. చర్చిల సంరక్షణకు కమ్యూన్లు ఖర్చు ‘చేయవచ్చు’ అని మాత్రమే అది అంటుంది. మోంసెగ్యూర్ అనే ఊరి చర్చిలో పవిత్రజలం తొట్టి ఒక పిల్లవాడి మీద పడి గాయపరిచింది. ఆ కేసులో 1921లో ఫ్రాన్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం చర్చి మరమ్మతు ప్రజాప్రయోజన పని అని తేల్చింది. బాధ్యత ప్రజలదైతే డబ్బు 200 మంది ఉన్న ఊరిదొక్కటే ఎందుకవుతుంది? ఆస్తిని చట్టంతో అంటగట్టిన పారిస్ ప్రభుత్వం ఏటా కప్పు, చూరు కాలువల తనిఖీకి బడ్జెట్‌లోనే నిధి కేటాయించాలి. పూజారి సమ్మతితో కచేరీలకూ ఊరి సభలకూ తలుపులు తీయడానికి బిషప్పులూ మొండికేయకూడదు. జాతీయ చందా గడువు 2027తో ముగుస్తుంది. ఆ తర్వాత ఎవరు ఎంత భరించాలో పార్లమెంటు ఈలోగానే చట్టంలో రాయాలి.