ఏ ఇంజన్ వేశావని అందరూ అడుగుతారు, దేనిమీద కూర్చోబెట్టావని ఒక్కరూ అడగరు

ఈ విషయం మీద చాన్నాళ్ళ నుంచి రాద్దామనుకుంటా ఉండా, ఈరోజు రాసేస్తన్నా, కొంచెం పొడుగైద్ది. మన నెల్లూరు, కావలి, ఒంగోలు సైడు పాత అంబాసిడర్లు, పద్మినీలు, జీపులు మళ్ళీ షెడ్లలోంచి బయటికి తీస్తుండారు, నాకు నిజంగా సంతోషం. కానీ ఎవర్ని కదిలించినా ఒకటే మాట, అన్నా ఇసుజు వేయించా, మామా బొలెరో ఇంజన్ ఎక్కించా అని. వినేవాళ్ళు కూడా ఎన్ని సీసీ, మైలేజీ ఎంతిస్తంది, పికప్ ఎట్టుంది అని అడుగుతారు. ఆ ఇంజన్ దేనిమీద కూర్చోనుంది, ఆ మౌంటింగులు, అంటే ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే బ్రాకెట్లు, రబ్బర్లు, ఎవరు చేశారు అని అడిగినోళ్ళని నేనింతవరకు చూళ్ళేదు.

నా లెక్కలో ఇంజన్ మార్పిడిలో అసలు పని మౌంటింగే. ఇంజన్ యాడైనా దొరుకుద్ది, మనకి పాత స్పేర్లు అమ్మే చెన్నై పుదుప్పేట ఎంత దూరం, పొద్దున బయల్దేరితే రాత్రికి తెచ్చుకోవచ్చు. ఆ బండికి ఆ ఇంజన్‌కి సరిపోయే మౌంటింగ్ మాత్రం ఏ షాపులోనూ దొరకదు, కొలిచి కోసి చేసుకోవాల్సిందే. అట్టాంటి పనిని మనోళ్ళు ఒక సాయంత్రంలో కానిచ్చేస్తుండారు. చైన్ బ్లాక్‌కి ఇంజన్ వేలాడదీస్తారు, కంటిచూపుతో మధ్యలోకి తెస్తారు, చేతికందిన యాంగ్లర్ (ఎల్ ఆకారం ఇనుము) ముక్క రెండు పక్కలా వెల్డింగ్ కొడతారు, రబ్బరు పెడితే బానెట్ తగులుతుందని రబ్బరే తీసేసి ఇనుముకి ఇనుము బోల్ట్ వేసేస్తారు. స్టార్ట్ అవగానే వీడియో తీసి పెడతారు. ఆర్నెల్లు తిరిగేసరికి డోర్ అద్దాలు గలగలమంటాయి, సైలెన్సర్ పైపు మెడ దగ్గర పగులుద్ది, రేడియేటర్ అతుకుల దగ్గర లీకవుద్ది, అప్పుడు పాత బండి కదా అట్టాగే ఉంటది అంటారు. పాత బండి తప్పేముంది అందులో, ఆ బాడీ అన్ని దశాబ్దాలు మోసింది.

రబ్బరు ఎందుకో ఒక్కసారి లెక్క చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు పేలుద్ది. ఐడిలింగ్ 750 ఆర్‌పీఎం అనుకుంటే సెకనుకి 25 దెబ్బలు. ఇంజన్, రబ్బరు కలిపి ఊగే సహజ వేగం సెకనుకి 17 కన్నా కిందుంటేనే ఆ దెబ్బ తగ్గి బాడీకి చేరుద్ది, 25కి దగ్గరగా వస్తే తగ్గడం అటుంచి ఇంకా పెరుగుద్ది. అందుకే దొరికిన రబ్బరు దొరికినట్టు పెట్టకూడదు. ట్రాక్టర్‌కి వేసే గట్టి రబ్బరు తెచ్చి కారుకి పెడితే పేరుకి రబ్బరు ఉన్నట్టే గానీ పని జరగదు. రబ్బరు బదులు గట్టిగా ఉండే పాలీయురేథేన్ బుష్‌లు వేయించండి అనేవాళ్ళు కూడా ఉండారు, రేసు బండికి ఓకే, ఇంట్లో అమ్మానాన్నల్ని ఎక్కించుకోని పెంచలకోన పోయే బండికి అవి వద్దు. ఏ ఇంజన్ తెస్తే ఆ ఇంజన్ కంపెనీ రబ్బర్లే కొత్తవి కొనండి, వాటి చుట్టూ బ్రాకెట్ చెయ్యండి, ఆ బరువుకి సరిపడేట్టు చేసినవి అవే.

ఇంకోటి, మౌంటింగ్ అంటే బరువు మోసేది అని మాత్రమే అనుకుంటారు. ఇంజన్ 200 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తే, ఫస్ట్ గేర్ రేషియో మూడున్నర ఉంటే, గేర్ బాక్స్ వెనక నుంచి బయటికొచ్చేది 700. ఆ 700కీ తిరుగుదెబ్బ ఇంజన్, గేర్ బాక్స్ రెండింటినీ పట్టుకున్న మౌంటింగుల మీదే పడుద్ది. పెన్నా బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఫస్ట్‌లో క్లచ్ వదిలి చూడండి, మామూలుగా తిరిగే ఇంజన్ ఎడమ పక్క పైకి లేస్తది. అందుకే రబ్బరు చినిగినా ఇంజన్ లేచిపోకుండా ఆపే లాకు ఒకటి బ్రాకెట్‌లోనే ఉండాలి. ఇది నా భయం కాదు, 1971లో అమెరికాలో జనరల్ మోటార్స్ దాదాపు 67 లక్షల షెవర్లే కార్లని వెనక్కి పిలిచింది దీనికే, మౌంటింగ్ తెగి ఇంజన్ లేచి యాక్సిలరేటర్ ఇరుక్కోని పోతా ఉందని. అంత పెద్ద కంపెనీ డిజైన్‌లోనే జరిగినప్పుడు మన యాంగ్లర్ ముక్క ఎంత.

అంబాసిడర్‌ది ఇంకో సంగతి. జీపుకి కింద నిచ్చెన మాదిరి చాసీ ఉంటది, దానిమీద వెల్డింగ్ కొట్టినా తట్టుకుంటది. అంబాసిడర్‌కి అట్టాంటి విడి చాసీ లేదు, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన మోనోకాక్ అది, అంటే బాడీయే చాసీ, ముందుండే మెంబర్లు మడిచిన రేకు. ఆ రేకు మీద 6 ఎంఎం ప్లేట్ డైరెక్ట్‌గా వెల్డ్ చేస్తే ప్లేట్ చెక్కుచెదరదు, దాని అంచు పొడవునా రేకు చినిగిపోద్ది. మధ్యలో వెడల్పు ప్లేట్ ఒకటి వేసి బరువు పంచాలి, మూలలు గుండ్రంగా తియ్యాలి, వీలైతే అవతల పక్క ఇంకో ప్లేట్ పెట్టి మధ్యలో గొట్టం దూర్చి బోల్ట్ పట్టించాలి. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌తో బతికిన బండి అది. హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళే తర్వాత ఇసుజు 1.8, ఐదు గేర్లతో వేసి అమ్మారు, కాబట్టి ఇసుజు వద్దని నేననను, ఆ బండికి దగ్గరి ఇంజన్ అదే. బరువైన డీజిల్ ఇంజన్ తెచ్చి పెట్టేముందు మాత్రం ముందు చక్రాల టార్షన్ బార్లు (స్ప్రింగుల పని చేసే కడ్డీలు), బ్రేకులు దాన్ని మోస్తాయా అనేది కూడా చూడండి.

పని వరస గురించి ఒక్క మాట. కావలిలో ఒక పెద్దాయన ఉండాడు, వెల్డింగ్ మేస్త్రీ, ఆయన చేసేది చూస్తే ముచ్చటేస్తది. ముందు బండిని నాలుగు టైర్ల మీద నేలమీద నిలబెడతాడు. జాకీ మీద హౌసింగ్ (వెనక ఇరుసు) కిందకి వేలాడతా ఉంటే తీసిన కొలత పనికిరాదు బాబూ అంటాడు, స్ప్రింగు కట్టల మీద బరువు పడ్డాకే, గేర్ బాక్స్ నుంచి వెనక ఇరుసుకి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ అసలు కోణం తెలిసేది. ఇంజన్ వెనక్కి రెండు మూడు డిగ్రీలు వంచుతాడు, డిఫరెన్షియల్ ముక్కు దానికి సమాంతరంగా ఉందా అని చూస్తాడు, షాఫ్ట్ రెండు చివర్ల ఉండే క్రాస్ జాయింట్ల దగ్గరా కోణం సమానంగా, ఒక డిగ్రీకి తగ్గకుండా మూడు దాటకుండా ఉండాలి. అసలు కోణమే లేకపోయినా తప్పే, క్రాస్‌లో సూది బేరింగులు కదలక ఒక్కచోటే గుంట పడతాయి. తర్వాత ఆయిల్ చాంబర్‌కి దాని కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్‌కి మధ్య, ఫ్యాన్‌కి రేడియేటర్‌కి మధ్య వేళ్ళు పెట్టి చూస్తాడు, ఇంజన్‌ని చేత్తో ఊపి చూస్తాడు. అప్పుడు అట్టముక్క మీద బ్రాకెట్ గీసి కత్తిరించి, అది సరిపోయాకే ఇనుము ముట్టుకుంటాడు. టాకింగ్ (అక్కడక్కడా చుక్కల్లాగా వేసే తాత్కాలిక వెల్డింగ్) మాత్రమే వేసి రబ్బరు పెట్టి ఇంజన్ దించి, మళ్ళీ అన్నీ చూసి, బ్రాకెట్ విప్పదీసి బయట ఫుల్ వెల్డింగ్ చేస్తాడు, బండిలోనే చేస్తే ఆ వేడికి రబ్బరు ఉడికిపోద్ది. ఇంజన్ బ్లాక్ పోత ఇనుము, దానికి వెల్డింగ్ జోలికే పోడు, కంపెనీ ఇచ్చిన బోల్ట్ రంధ్రాల నుంచే బ్రాకెట్ తీస్తాడు.

ఇట్టాంటి మనిషికి కూలీ దగ్గర బేరాలాడతారు చూడండి, అక్కడ నాకు మండుద్ది. అల్లాయ్ వీల్స్‌కి, పెయింటింగ్‌కి, మ్యూజిక్ సిస్టమ్‌కి లెక్క చూడనోళ్ళు, బ్రాకెట్ పనికి ఇంకో రోజు పడుద్దంటే దేనికన్నా అంత, రెండు ఇనప ముక్కలే కదా అంటారు. ఆ రెండు ఇనప ముక్కలకి ఇంకో రోజు ఇవ్వలేనోళ్ళు ఆ బండిని అట్టాగే షెడ్డులో ఉంచితే దానికే మంచిది.

రబ్బరు పెట్టాక ఇంజన్‌కి బాడీకి మధ్య మందపాటి ఎర్త్ వైరు కట్టండి, రబ్బరులో కరెంట్ పోదు, వైరు లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడల్లా ఆ కరెంటంతా క్లచ్ కేబుల్‌లోంచి, యాక్సిలరేటర్ కేబుల్‌లోంచి పోయి వాటిని కాల్చేస్తది.

ఆర్సీ సంగతి కూడా ముందే చూసుకోండి. బండిలో మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, ఇంజన్ నంబరు ఆర్సీలో ఉంటది, ఆర్టీఓ దగ్గరికి పోకుండా మార్చేసి తిరిగితే యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు చూసేది ఆ నంబరే. 50 ఏళ్ళు దాటిన బండి ఉంటే మాత్రం ఇంకోసారి ఆలోచించండి, 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ ప్రకారం బండి అసలు రూపంలో ఉంటేనే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, చాసీ, బాడీ, ఇంజన్ మార్చేస్తే దొరకదు. అట్టాంటి దానికి పాత ఇంజనే బోరింగ్ చేయించుకోండి.

మన జిల్లాల్లో ఇప్పుడెవరి బండైనా ఇంజన్ వేలాడదీసి ఉంటే ఫొటోలు పెట్టండి, పక్కనుంచి ఒకటి, కింద నుంచి ఒకటి, నాకు తెలిసినంత చెప్తా, తెలియంది మేస్త్రీని అడిగి చెప్తా. కాకపోతే టాకింగ్ మీద ఉండగానే పెట్టండి.