సెల్ఫీ అంటే అంత చులకనా?

మా వైజాగ్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది. ఆర్కే బీచ్‌లో ఫోన్లు ఎత్తి పట్టుకున్న పిల్లల ఫొటో, కింద నీతులు: "పూర్వం చిత్రకారుడు మనిషిని ఉన్నదున్నట్టు గీసేవాడు, అప్పట్లో ఎవరికీ సొంత మొహం మీద ఇంత మోజు లేదు, సెల్ఫీలో వ్యక్తిత్వం ఎక్కడుంది?"

ఉన్నదున్నట్టు అట! ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ అరవై దాటాక గీయించుకున్న బొమ్మల్లో కూడా ముడతల్లేని పడుచు మొహమే ఉంటుంది. డబ్బిచ్చేవాళ్ల మాట కాదంటే చిత్రకారుడికి పూట ఎలా గడుస్తుంది?

ఇక మోజు సంగతి. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1500లో, 28 ఏళ్ల వయసులో, జుట్టు భుజాల మీద పరుచుకుని అచ్చం క్రీస్తులా కనిపించేలా తన బొమ్మ తనే వేసుకున్నాడు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ అయితే కుర్రతనం నుంచి 1669లో పోయేదాకా తన మొహాన్ని వదల్లేదు. 1630లో కళ్లు ఇంతలేసి చేసుకుని వేసిన ఎచింగ్ (రాగి రేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మ) ఒకటుంది, తపాలా బిళ్ల కన్నా కాస్త పెద్దది, చూస్తే ఇన్‌స్టాలో మన పిల్లలు పెట్టే మొహాలే గుర్తొస్తాయి. వాన్‌గో మోడళ్లకి ఇచ్చే డబ్బుల్లేక తనని తానే గీసుకున్నాడు. ఫొటో తీసే పద్ధతి లోకానికి తెలిసిన 1839లోనే అమెరికాలో రాబర్ట్ కార్నీలియస్ అనే ఆయన తన ఫొటో తానే తీసుకున్నాడు.

వ్యక్తిత్వం దగ్గర నాకు అసలు ఒళ్లు మండింది. 1533లో హోల్బైన్ అనే చిత్రకారుడు గీసిన ఇద్దరు ఫ్రెంచి దొరల బొమ్మలో గ్లోబులు, పుస్తకాలు, వీణలాంటి వాయిద్యం, అన్నీ ఏరి పెట్టినవే, మేం చదువుకున్నవాళ్లం అని చెప్పడానికి. మొన్న బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా మురీ మిక్స్చర్ (మరమరాల మసాలా) బండి ఆవిడ సెల్ఫీ తీసుకుంటూ, ముందు నిమ్మకాయల గిన్నె ఫ్రేములోకి జరిపి, ఉల్లిపాయ తొక్కలు అవతలికి తోసి, పమిట సర్దుకుని అప్పుడు నొక్కింది. ఏది కనపడాలో, ఏది కనపడకూడదో ఆవిడే తేల్చుకుంది. ఆ దొరల కాలంలో అయితే ఆవిడ బొమ్మ గీయించుకునేదా?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా, అడగకుండానే ఒళ్లు తెల్లగా చేసేసే బ్యూటీ మోడ్ నాకూ నచ్చదు. ఎండలో తిరిగే మనిషి రంగు మనిషికి ఉండాలి కదా. తిట్టేదేదో ఆ ఫోన్లు తయారుచేసేవాళ్లని తిట్టండి, పిల్లల జోలికి వెళ్లకండి.