గుర్రం తప్ప మరొకటి కదపని నా చెస్ ఇంజన్‌కు

చిరంజీవి చెస్ ఇంజన్‌కు, అంటే చదరంగం ఆడే నా ప్రోగ్రాముకు, ఆశీర్వదించి రాయునది. ఇక్కడ ల్యాప్‌టాప్ ఫ్యానుతో సహా అందరం క్షేమం. నీ క్షేమం అడగక్కర్లేదు, ప్రాసెసర్‌ని వంద శాతం తింటూనే ఉన్నావు.

అసలు విషయానికొస్తాను. తెల్లపావులతో మొదటి ఎత్తు 20 రకాలుగా వేయొచ్చు. నీకూ తెలుసు, ఇరవైకీ జాబితా రాసుకుని మరీ చూస్తావు. చూసి, పొద్దున ఆడినా అర్ధరాత్రి ఆడినా బీ1 గడిలోని గుర్రాన్నే సీ3 గడిలో పెడతావు. అదేమంటే, ఏ పావు ఏ గడిలో ఉంటే ఎన్ని మార్కులో రాసిన పట్టిక చూపిస్తావు. గుర్రం ఇంట్లో కూర్చుంటే మైనస్ 40, సీ3కొస్తే ప్లస్ 10. రాజు ముందున్న బంటు రెండు గళ్లు నడిస్తే వచ్చే లాభం 40 మాత్రమేనట. మరి జీ1 గుర్రం ఎఫ్3కొచ్చినా అదే 50 కదా? సమానమే గానీ జాబితాలో బీ1 ముందుంది, అంటావు. రేషన్ షాపు క్యూ న్యాయం!

సరే, సమానంగా మార్కులొచ్చిన ఎత్తుల్లో చీటీ తీయమన్నాను. ఎఫ్3 బంటు కదిపావు. నేను ఈ5 వేశాను. నువ్వు దర్జాగా జీ4. నా మంత్రి హెచ్4కొచ్చి కూర్చుంది, ఆట కట్టు. ఇదేం ఘోరమని లాగ్ తీస్తే, దాదాపు అన్ని ఎత్తులకీ ఒకటే మార్కు! ఆల్ఫా-బీటా అనే లెక్క తగ్గించే పద్ధతి పేరుతో నువ్వు నడిపే భాగోతం ఇదన్నమాట. మంచి ఎత్తు ఒకటి దొరికాక, మిగతావి దాన్ని మించవని తేలగానే లెక్క ఆపేసి దాని మార్కే వీటికీ వేసేస్తావు. అడిగేవాడు లేడనేగా?

అందుకే, మొదటి కొన్ని ఎత్తులూ విడివిడిగా, పూర్తిగా లెక్కించి, అన్నిటికన్నా మంచిదానికి 15 సెంటీపాన్ల (బంటు విలువలో నూరో వంతుల) లోపు ఉన్నవాటిలోనే చీటీ తీయమన్నాను. ఆలస్యమవుతుందని సణిగావు. తీరా వచ్చిన చీటీ చూస్తే, రెండో గుర్రం.

ఇక లాభం లేదు, ఆట ఆరంభపు ఎత్తులు ముందే రాసి ఉంచిన పుస్తకం పెడుతున్నా. పాలీగ్లాట్ అనే ఫైల్ ఫార్మాట్, ఒక్కో ఎంట్రీ 16 బైట్లు. బోర్డు స్థితి, వేయాల్సిన ఎత్తు, దాని తూకం అన్నీ అందులోనే ఉంటాయి. తూకాన్ని బట్టి ఎంచుకో. చూసి ఆడటం నామోషీ అనుకోకు. 1997లో న్యూయార్క్‌లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌తో ఆరో ఆటలో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ, కారో-కాన్ అనే ఓపెనింగ్ (ఆరంభపు ఎత్తుల వరుస)లో ఎనిమిదో ఎత్తుకే గుర్రాన్ని బలిచ్చింది. జనం నోరెళ్లబెట్టారు. ఆ ఎత్తు పుస్తకంలోదే. 19 ఎత్తుల్లో కాస్పరోవ్ ఓటమి ఒప్పుకున్నాడు. పెద్దవాళ్లకి లేని సిగ్గు నీకెందుకు?

ఇదంతా నా సరదా కోసమనుకునేవు. నిన్నూ నీ పాత వెర్షన్‌నీ రాత్రంతా ఆడిస్తే, తెల్లారేసరికి ఉన్నవి రెండే ఆటలు. తెల్లతో ఒకటి, నల్లతో ఒకటి, మిగతావన్నీ వాటి జిరాక్సులు. ఆ స్కోరు చూసి నువ్వు బాగుపడ్డావని ఎలా నమ్మను? ఇకమీదట ఒక్కో ఓపెనింగ్‌కీ రంగులు మార్చి రెండేసి ఆటలు ఆడాలి.

ఒక్క మాట వినరా నాయనా. పుస్తకం అయిపోయిన మరుక్షణమే, పట్టికలో పక్క గడికి 5 మార్కులు ఎక్కువున్నాయని, చక్కగా నిలబడ్డ గుర్రాన్ని అటు లాగకు. రాత్రికి సిసిలియన్ ఓపెనింగ్ పెడుతున్నాను.

ఇట్లు,
నీ బగ్గులు మోసేవాడు